తల మట్టికి, వేరు మనిషికి

నేను నాలుగు క్వింటాళ్ళ కడూ వేరు అమ్ముకుంటున్నానని నాకు తెలిసిన రోజున మా ఇంటి వసారాలో మూడు మూటలు మాత్రమే ఆరుతున్నాయి. మూడూ కలిపి తూచినా ముప్పై కిలోలు దాటవు.

ఆ సంగతి చెప్పింది కింద బజారులో ఉన్న అటవీశాఖ ఆఫీసు గుమాస్తా. చీకటితోనే ఇంట్లోంచి బయలుదేరి, రెండు గంటలు కొండ దిగి, బస్సెక్కి వెళ్ళాను. కొండ మీద దానంతటదే పెరిగిన కడూని తవ్వడం నేరం. పొలంలో పండించింది అమ్ముకోవచ్చు, కాకపోతే అది పొలంలోదేనని చెప్పే పర్మిట్ ఉండాలి. ఆ పర్మిట్ కోసమే వెళ్ళాను. నాలుగేళ్ళుగా నేను ఎదురుచూసింది ఆ ఒక్క కాగితం కోసం.

"ఇచ్చేశాం కదమ్మా," అన్నాడు గుమాస్తా, టీ గ్లాసు కింద పెట్టకుండానే. "పోయిన సోమవారమే ఇచ్చాం. మళ్ళీ ఎందుకొచ్చావు?"

"ఎవరికిచ్చారు?"

"పియార్‌దేయి, భర్త ఝీనూ రామ్, ఊరు కళోటి. నువ్వే కదా?"

"నేనే. కానీ నేనిక్కడ గడప తొక్కడం ఇదే మొదలు."

"మీ ప్రధాన్ కేహర్ సింగ్ పట్టుకెళ్ళాడులే. ఊరి పెద్ద తీసుకెళ్తే నువ్వు తీసుకెళ్ళినట్టే. పండగ రోజున రేంజర్ సాబ్ మీ ఊరొచ్చి బస్తాలు చూసి సీలు వేస్తారు. పో, పోయి సర్దుకో."

కాగితం నా వైపు తిప్పాడు. నాలుగు క్వింటాళ్ళు అని రాసి ఉంది. సొంత పొలంలో పండించినది అని రాసి ఉంది. దాని కింద వేలిముద్ర. నా ఎడమ బొటనవేలి మీద అడ్డంగా కొడవలి గాటు ఒకటుంది, పెళ్ళయిన కొత్తలో గడ్డి కోస్తుంటే తెగింది. ఆ గాటు కాగితం మీద తెల్లగా, అచ్చు గుద్దినట్టు పడింది.

నాకు సంతకం చేయడం వచ్చు. యాభై ఏళ్ళొచ్చాక మహిళా సంఘంలో కూర్చుని, కళ్ళు చిట్లించుకుని నేర్చుకున్నాను. వైశాఖంలో ఒకరోజు నేను కడూ మళ్ళలో కలుపు తీస్తుంటే కేహర్ సింగ్ గట్టు మీదికి వచ్చాడు. "వదినా, నీ సాగు రిజిస్టరు చేయించాలి, లేకపోతే రేపు అమ్ముకోలేవు," అన్నాడు. ఉండు, చెయ్యి కడుక్కుని సంతకం పెడతానన్నాను. "బురద చేతులతో ఎందుకు శ్రమ, వేలిముద్ర చాలు," అని సిరాడబ్బీ తనే తీశాడు. వేశాను. అంకె ఎక్కడుందో కూడా చూడలేదు. చూడకపోవడానికి కారణం ఉంది. నాలుగేళ్ళ కిందట ఊరంతా ఉప్పు వేసి ఒట్టు పెట్టుకున్నప్పుడు చెంబు పట్టుకున్న మనిషి అతనే. ఉప్పు వేసినవాడు మోసం చేస్తాడని మా ఊళ్ళో ఎవరికీ కలలో కూడా తోచదు. నా బుద్ధిని చెప్పుతో కొట్టుకోవాలి, అంతే.

ఆ ఒట్టు సంగతి చెప్పాలంటే మా అత్త కౌలూ సంగతి చెప్పాలి. ఆవిడకు ఎనభై దాటాయి. పళ్ళు పోయినా నాలుక పదును పోలేదు. తలగుడ్డ కొసన ఎప్పుడూ కడూ ముక్క ఒకటి ముడివేసి ఉంటుంది. కింద మైదానాల వైద్యులు కటుకరోహిణి అని పొట్లాలు కట్టి ఇస్తారే, అదే ఇది. మాకు కడూ. చేదు అనే మాటనే దానికి పేరుగా పెట్టారు మా పెద్దలు. జ్వరం దిగకపోయినా, అన్నం సయించకపోయినా, కళ్ళు పచ్చబడినా మా చుట్టుపక్కల అయిదూళ్ళ వాళ్ళు మా అత్త గుమ్మంలోకే వచ్చేవారు. గోరంత ముక్క రాత్రి నీళ్ళలో నానేసి, పొద్దున వడకట్టి ఇచ్చేది. "గోరంత దాటితే అది మందు కాదు, చెంబు పట్టుకుని పరుగే," అనేది. "ఏడు రోజుల్లో పసుపు దిగకపోతే మళ్ళీ నా మొహం చూడకండి, ఆసుపత్రికి పొండి," అని కూడా చెప్పేది. అంత తెలిసిన మనిషి.

ఎనిమిదేళ్ళ కిందట మా మరిది కూతురికి కామెర్లు వచ్చాయి. అత్త నన్ను పై పచ్చికకు పంపింది. చెట్లు ఆగిపోయిన చోటికి పైన, మంచుకు కింద ఉండే గడ్డి మైదానం అది. పెళ్ళయి వచ్చిన ఏడు అక్కడ కడూ మీద నడవకుండా కాలు పెట్టడానికి చోటుండేది కాదు. ఆ రోజు పొద్దుటినుంచి సాయంత్రం దాకా తిరిగితే రాళ్ళ సందులో ఒక్క గుబురు దొరికింది. మిగతాదంతా గుంటలే. కింద మందుల వ్యాపారులు రేటు పెంచారు, పైన జనం తవ్వారు. మా ఊరివాళ్ళూ తవ్వారు, ఎందుకు అబద్ధమాడాలి. పిల్ల బతికింది గానీ అత్త మాత్రం, "వచ్చేసారి కొండ మనకేమీ ఇవ్వదు, చెంప మీద కొడుతుంది," అంది.

ఆ తర్వాత నాలుగేళ్ళు మా అత్తా నేనూ అరిచి గీపెట్టగా, చివరికి దేవుడి ముంగిట్లో ఊరు కూడింది. ఇత్తడి చెంబులో నీళ్ళు పోసి, ఇంటికొకరు చొప్పున అందులో ఉప్పుగల్లు వేశారు. మాట తప్పితే ఈ ఉప్పులా కరిగిపోతామని దాని అర్థం. మాటను ముందు పలికింది కేహర్ సింగ్. "ఈ ఊరివాళ్ళం ఏడేళ్ళ పాటు పై పచ్చికలో ఇనుము దించం," అన్నాడు. అంటే గునపం, పార ఏదీ ఆ నేలకు తగలకూడదు. అందరం తిప్పి అన్నాం.

ఒట్టుకు ముందు రోజు నేను దేవుడి అనుమతి అడిగి, ఆ రాళ్ళ సందు గుబురు నుంచి పాకే కొమ్మలు తెచ్చుకున్నాను. ఊరికి పైన, మంచు అందరికంటే ముందు కురిసే మూడు మళ్ళు మావి. బంగాళాదుంప కూడా సరిగా ఊరదని మా ఆయన వదిలేసిన మళ్ళు. కణుపు కణుపుకు తుంచి, వానాకాలంలో జానెడు ఎడంగా నాటాను. గొర్రె ఎరువు వేశాను. ఎండ తగలకుండా ఫెర్న్ ఆకులు కప్పాను. చలికాలం మంచే దానికి దుప్పటి. ఊరంతా నవ్వింది. కలుపు మొక్కను పెంచుతోంది, దీనికి పిచ్చి పట్టింది అన్నారు. పోయిన ఏడు మొదటి మడిలో కొంచెం తవ్వి, ఇంటికో వేరు పంచాను. అప్పుడు ఇంకా నవ్వారు. ఎందుకంటే తవ్విన ప్రతి మొక్క తలనూ, అంటే మొలక ఉన్న పై భాగాన్ని, రెండు వేళ్ళ వేరుతో కోసి అదే గంటలో మళ్ళీ పాతేస్తాను. అత్త నేర్పిన పద్ధతి. తల మట్టికి, వేరు మనిషికి అనేది. పక్కింటి గులాబీ నాకు పేరు పెట్టేసింది, తలలు పాతే పియార్‌దేయి అని. నేను దారిలో కనిపిస్తే, "ఏం వదినా, ఇవాళ ఎన్ని తలలు పాతావు?" అని పలకరింపు.

నవ్వనీ అనుకున్నాను. నా మూడు మూటలు సరైన కాగితంతో కిందికి దిగిన రోజున ఇదే జనం కొమ్మలు ఇమ్మని నా గుమ్మం ముందు నిలబడతారు. ప్రతి ఇంటా ఒక మడి కడూ ఉంటే కొండ జోలికి ఎవరు పోతారు? నాలుగేళ్ళు నేను వంగిన నడుముకు ఉన్న ఆశ అదే. కేహర్ సింగ్ ఆ కాగితాన్నే ఎత్తుకుపోయాడు.

మర్నాడు పొద్దున్నే పై పచ్చికకు ఎక్కాను. ఎక్కకుండా ఉండాల్సింది, ఎక్కితే కడుపు మండిపోతుందని తెలుసు. ఒట్టు పెట్టుకున్న నాలుగేళ్ళలో పాత వేళ్ళ ముక్కల నుంచి మళ్ళీ గుబురుకట్టిన నేల, ఇప్పుడు అడవి పంది పొర్లినట్టుంది. ఒక్క గుబురు మిగల్లేదు. రాళ్ళ సందులోది కూడా లేదు, నా మళ్ళకు తల్లి అది. ఎవరో ప్లాస్టిక్ గుడారం వేసుకున్న గుర్తులు, బూడిద, ఖాళీ ఖైనీ పొట్లాలు ఉన్నాయి. ఒక గొర్రెల కాపరి కనిపించి చెప్పాడు. ఇరవై మంది బయటి కూలీలట, పది రోజులుండి నిన్ననే దిగారట. పాపం, చలికి చేతులు పగిలి ఏడ్చేవాళ్ళట. వాళ్ళను నేనేమీ అనను. పిలిచినవాడిని అంటాను.

దిగి నేరుగా కేహర్ సింగ్ ముంగిట్లోకి వెళ్ళాను. అతను మంచం మీద కూర్చుని అక్రోట్లు కొట్టుకుంటున్నాడు.

"రా వదినా, కూర్చో. చాయ్ పెట్టించనా?"

"నా పేరు మీద నాలుగు క్వింటాళ్ళేమిటి కేహరూ?"

అక్రోటు గింజ నోట్లో వేసుకుని నిదానంగా నమిలాడు. "చూసొచ్చావన్నమాట. మంచిదే. నేనే చెబుదామనుకున్నా."

"ఉప్పు వేశావు. నీ నోటితో అన్నావు. నీళ్ళ మీద రాసుకున్నావా ఆ మాట?"

"ఏమన్నాను? ఈ ఊరివాళ్ళం ఇనుము దించం అన్నాను. ఈ ఊరివాడు ఒక్కడు దించాడేమో చూపించు. నేను దించానా, నా కొడుకు దించాడా? మాట మాటగానే ఉంది. నువ్వూరికే ఆవేశపడకు."

కంచే చేను మేయడం విన్నాను గానీ, మేసి, నేను కంచెనే, నాకు నోరెక్కడిది అని అడిగే కంచెను అప్పుడే చూశాను.

"అడవిలో పడి ఉన్నది ఎలాగూ ఎవడో ఒకడు తవ్వుకుపోతాడు వదినా. మన ఊరికొచ్చే లాభం మన ఊరికే రానీ. నీ మూటలు మూడు కూడా అదే కాగితం మీద పంపిస్తా. నీకు రావాల్సింది నీ చేతిలో పెడతా. దేవుడి గుడికి కొత్త రేకులు వేయిస్తానని మొక్కుకున్నా కూడా."

"నేను రేంజర్‌తో చెబుతా."

"చెప్పు. బస్తాల మీద పేరు ఎవరిది? వేలిముద్ర ఎవరిది? కొండను దోచింది ఎవరని రాసుకుంటాడు?" మరో అక్రోటు రాయి మీద పెట్టాడు. "నీ పొలం కాగితం రద్దవుతుంది. నీ మూటలూ పోతాయి. కేసు నీ మీదే పడుతుంది. నా మంచి కోరి కాదు, నీ మంచి కోరే చెబుతున్నా. ఇంటికి పోయి అన్నం తిను."

ఇంటికి వెళ్ళాను గానీ అన్నం తినలేదు. మా ఆయన ఝీనూ రామ్ అంతా విని, పొయ్యిలో కట్టె సర్దుతూ నీళ్ళు నమిలాడు.

"ప్రధాన్‌తో మనకెందుకే? మూటలు వెళ్ళిపోతే చాలు కదా. నోరు మూసుకుంటే అంతా సర్దుకుంటుంది."

"నువ్వు ముప్పై ఏళ్ళుగా మూసుకునే ఉన్నావు. ఏం సర్దుకుంది?"

"నీకు కోపమొస్తే మనిషివి కావు."

"కాను. ఇప్పుడే తెలిసిందా?"

మూలన మంచం మీద పడుకున్న అత్త గొంతు సర్దుకుంది. "పియారీ, వాడి బస్తాల్లో వేళ్ళు ఆరినవా, పచ్చివా?"

"నిన్ననే దిగారట. ఎక్కడ ఆరతాయి అత్తా?"

"కోసి నింపారా, పీకి నింపారా?"

అప్పటిదాకా నాకు తట్టలేదు. ఆ గుంటలన్నిటి పక్కనా ఒక్క కోసిన తల కూడా పడి లేదు. దొంగకు తల కోసేంత తీరిక ఎక్కడుంటుంది? తల కూడా తూకానికే వస్తుందాయె. మొక్కకు మొక్క పీకి బస్తాలో కుక్కి ఉంటారు.

"పీకే నింపారు," అన్నాను.

"అయితే ఇంకా పది రోజులు బతికే ఉంటాయి," అని అత్త గోడ వైపు తిరిగి పడుకుంది.

పండగ రోజు దేవుడి పల్లకీ బయటికి వచ్చింది. డోళ్ళు మోగుతున్నాయి. రేంజర్ సాబ్ కొత్తగా వచ్చిన కుర్రాడు, కేహర్ సింగ్ పెట్టిన టోపీ, మెడలో దండతో కుర్చీలో కూర్చుని నెయ్యి కారే సిడ్డూ రొట్టె తింటున్నాడు. గుడి ముంగిటి చివర ఎనిమిది బస్తాలు పేర్చి ఉన్నాయి, పక్కన కంచర గాడిదలు. జనం పండగలో ఉంటే సీలు సంగతి ఎవరూ పట్టించుకోరని కేహర్ సింగ్ లెక్క. నేను మా మూడు మూటలూ వీపున మోసే కిల్టా బుట్టలో వేసుకుని వెళ్ళాను. చేతిలో ఇత్తడి చెంబు.

చెంబు చూడగానే డోలు వాయించేవాడి చెయ్యి ఆగింది.

"సాబ్," అన్నాను, "ఆ బస్తాల మీద నా పేరుంది. అవి నావి కావు."

కేహర్ సింగ్ నవ్వుతూ లేచాడు. "మా వదినకు కాస్త మతి చలించింది సాబ్. మొన్న కాగితం మీద వేలిముద్ర వేసింది, ఇవాళ మర్చిపోయింది."

"వేలిముద్ర నాదే. మర్చిపోలేదు. చూడకుండా వేసిన గాడిదను నేనే, ఇంతమందిలో ఒప్పుకుంటున్నా. బస్తా విప్పండి."

రేంజర్ అటూ ఇటూ చూశాడు. మా వైపు అడవి కాసే బీటు గార్డు బిషన్ దాస్ తల వంచుకుని వచ్చి ఒక బస్తా తాడు కోశాడు. వాడికి ముందే తెలుసని ఆ వంచిన తలే చెప్పింది. నేను బస్తా పట్టుకుని ముంగిట్లో బోర్లించాను. పచ్చి వేళ్ళు, మట్టితో, రాళ్ళతో, ఒక్కొక్క దానికి ఆకుల తల. పక్కనే నా మూట విప్పి పోశాను. నీడలో ఆరిన వేళ్ళు, ఒక్కదానికీ తల లేదు.

"గులాబీ," అన్నాను. "నాకు పేరు పెట్టిందానివి నువ్వే కదా. ఏమని పెట్టావో సాబ్‌తో చెప్పు."

గులాబీ మొహం కందగడ్డలా అయింది. "ఊరికే వేళాకోళానికి అన్నా వదినా."

"వేళాకోళమే చెప్పు."

"తలలు పాతే పియార్‌దేయి," అంది గొణుగుతూ. ఎవరో కిసుక్కుమని, మళ్ళీ ఆపుకున్నారు.

"పోయిన ఏడు నీకిచ్చిన వేరుందా, మందుకు వాడేశావా?"

"డబ్బాలో ఉంది."

"పట్టుకురా. అందరూ తెండి. నేనిచ్చిన వేళ్ళలో ఒక్కదానికి తల ఉన్నట్టు చూపించండి, నేనే దొంగనని రాసిచ్చి సాబ్ వెంట పోతాను. సాబ్, మీరు మా మళ్ళకు రండి. పాతిన తలలు లెక్క పెట్టుకోండి, ఈ మూటల్లో వేళ్ళు లెక్క పెట్టుకోండి. ఒక్కొక్క తలకు ఒక్కొక్క వేరు. ఇది నా పంట. అది కొండ. కొండకు నా పేరు పెట్టాడు ఈ పెద్దమనిషి."

గులాబీ వెళ్ళి తెచ్చింది. ఇంకో పదిళ్ళ నుంచి తెచ్చారు. రాతి పలకల మీద వరసగా పెట్టారు, అన్నీ తలలేనివే. నాలుగేళ్ళు నన్ను చూసి నవ్విన నవ్వంతా నాకు సాక్ష్యానికి పనికొచ్చింది. సంతోషించాలి కానీ, నాకు అప్పుడు కూడా ఒళ్ళు మండుతూనే ఉంది. మనిషి మాటగా చెబితే నమ్మరు, ఎగతాళిగా చెబితే గుర్తుంటుంది.

కేహర్ సింగ్ చివరి ఎత్తు వేశాడు. "సరే సాబ్, కూలీలు ఎక్కడ తవ్వారో నాకు తెలియదు. కానీ ఈ ఊరివాడు ఎవడూ ఇనుము దించలేదు. ఉప్పు మీద చెబుతా."

నేను చెంబు అతని ముందు పెట్టాను. నీళ్ళలో ఉప్పుగల్లు వేశాను. "తాగు. ఈ కొండ దోపిడీ నాకు తెలియకుండా జరిగిందని చెప్పి తాగు."

పల్లకీ మోసేవాళ్ళు కూడా అలాగే నిలబడిపోయారు. కేహర్ సింగ్ చెంబును చూశాడు, దేవుణ్ణి చూశాడు. చెయ్యి చాచాడు, వెనక్కి తీసుకున్నాడు. మాటలో సందు వెతుక్కునే మనిషికి ఆ నీళ్ళలో సందు దొరకలేదు. వెళ్ళి బస్తా మీద కూర్చున్నాడు.

రేంజర్ సాబ్ దండ తీసి కుర్చీకి తగిలించాడు. కాగితాలు తెప్పించి గంటసేపు రాశాడు. ఎనిమిది బస్తాలూ స్వాధీనం. ప్రధాన్ మీద కేసు. ఇక్కడిదాకా బాగానే ఉంది. తర్వాత నా వైపు తిరిగాడు. "మీ పర్మిట్ తప్పుడు లెక్కతో ఉంది కాబట్టి విచారణ అయ్యేదాకా అది రద్దు. మీ మూడు మూటలు కూడా సీలు వేయాలి."

"విచారణ ఎన్నాళ్ళు?"

"చెప్పలేను. ఏడాది, రెండేళ్ళు."

"నాది తప్పు లేదని మీరే చూశారు కదా."

"చూశాను. నేను చూస్తే సరిపోదు, ఫైలు చూడాలి."

ఫైలుకు కళ్ళెక్కడుంటాయో నాకు తెలియదు. నాలుగేళ్ళ పంట నా కళ్ళముందే లక్కతో మూసుకుపోయింది. ఏడవలేదు. ఏడిస్తే కేహర్ సింగ్ చూస్తాడు. బస్తాల తాళ్ళు కడుతున్న బిషన్ దాస్ చెయ్యి పట్టుకుని ఆపాను.

"మూటలు తీసుకుపోండి. ఇవి మాత్రం కట్టకు. సాబ్, మీ చట్టానికి వేరు కావాలి. తల అక్కర్లేదు కదా? ఈ తలలకు ఇంకా వారం ప్రాణం ఉంది. మీ కేసు తేలేసరికి అన్నీ కుళ్ళి బూజు పడతాయి. తలలు మాకివ్వండి."

"అది సాక్ష్యం. ముట్టుకోకూడదు."

"ఒక బస్తా సాక్ష్యానికి ఉంచుకోండి. ఫొటోలు తీసుకోండి. మిగతా ఏడింటి తలలు మీ ఎదురుగానే కోస్తాం."

అతను కుదరదన్నాడు. అప్పుడు గులాబీ వచ్చి ఒక బస్తా మీద కూర్చుంది. భారీ మనిషి, దాన్ని లేపడం అంత తేలిక కాదు. తర్వాత ఇంకో ఆడమనిషి కూర్చుంది. కాసేపటికి ప్రతి బస్తా మీదా ఇద్దరేసి ఉన్నారు. బిషన్ దాస్ రేంజర్ చెవిలో ఏదో చెప్పాడు. సాబ్ ఫొటోలు తీయమన్నాడు.

రెండు రోజులు ఊరంతా ముంగిట్లో కూర్చుని కోసింది. మొదటి రోజు సాయంత్రం గులాబీ తన పీట నా పక్కకు జరుపుకుంది.

"వదినా, రెండు వేళ్ళ వేరు ఉంచాలా, మూడా?"

"రెండు."

"మొలక పైకి ఉండాలా?"

"కాళ్ళు పైకి పెట్టి నిద్రపోతావా నువ్వు?"

"తిట్టకు. నేర్చుకుంటున్నా కదా," అంది.

మూడో రోజు కిల్టాల్లో తడి నాచు పరిచి, తలలు సర్ది పై పచ్చికకు ఎక్కాం. ఇంటికొకరు రావాలని తీర్మానం. రాని ఇంటి ముంగిట దేవుడి పల్లకీ ఆగదు. కేహర్ సింగ్ కూడా వచ్చాడు, అందరికీ వెనక. మా ఆయన కిల్టాలో తలలు లేవు. మా అత్త ఉంది. నన్నూ తీసుకెళ్ళరా అని ఆవిడ పట్టుబడితే, వీపు వంచి కూర్చోబెట్టుకున్నాడు. దారిపొడుగునా ఆవిడ కొడుకు నడకకు వంకలు పెడుతూనే ఉంది.

పచ్చిక మీద మంచు పలచగా పట్టింది. నేల గట్టిపడుతోంది. అందరూ గుంటల పక్కన చతికిలబడ్డారు. కేహర్ సింగ్ కిల్టాలోంచి గునపం తీశాడు. గడ్డకట్టిన నేలలో గునపం లేకుండా ఎలా అనుకున్నాడు కాబోలు.

"కేహరూ," అంది మా అత్త, బండ మీద గొంగళి కప్పుకుని కూర్చున్నచోటి నుంచి. "ఏడేళ్ళన్నావు. ఇంకా మూడున్నాయి. ఈ ఊరివాళ్ళం ఇనుము దించం అన్నావు. నువ్వు ఈ ఊరివాడివేనా?"

కేహర్ సింగ్ చుట్టూ చూశాడు. ఎవరి చేతుల్లోనూ ఇనుము లేదు. కొందరు పొట్టేలు కొమ్ములు తెచ్చుకున్నారు, కొందరు చెక్క పుల్లలు. నేనూ గులాబీ వేళ్ళతోనే తవ్వుతున్నాం. అతనికి కొమ్ము ఇస్తానని ఎవరూ అనలేదు. గునపం పక్కన పెట్టి మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

నేను నా కిల్టా తీసుకెళ్ళి అతని పక్కన పెట్టి, తలలు ఒక్కొక్కటే అందించాను. సాయంత్రానికి అతని గోళ్ళు రెండు ఊడి, వేళ్ళ కొసలు నెత్తురు కారాయి. బొటనవేలు నోట్లో పెట్టుకున్నాడు, దాని నిండా కడూ రసం. ఆ చేదుకు మొహం ముడుచుకుపోయింది. నాకు జాలి వేయలేదు. వేయాలేమో, నాకు తెలియదు. కింద ఆఫీసులో నా మూడు మూటలు సీలు కింద ఉన్నాయి, పాతిన వాటిలో ఎన్ని బతుకుతాయో మంచు కరిగితే గానీ తెలియదు.

"ఇంకొకటి," అన్నాను, చెయ్యి చాచి. "మొలక పైకి ఉండాలి."